చిత్రిక యంత్రం – రేవు పట్టణం నుంచి ఇంటి వసారా దాకా



ఈ పూట నేను మీతో మాట్లాడబోయేది చెక్కను చిత్రిక పట్టే యంత్రం గురించి. బడిలో తెలుగూ కన్నడమూ చెప్పుకునే అయివారికి వడ్రంగం యంత్రాలతో ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. రెండు పనులు ఉన్నాయి. ఒకటి, సెలవు రోజుల్లో మా ఇంటి వసారాలో పీటలు, పుస్తకాల అరలు చేసుకోవడం నాకు పాత అలవాటు. రెండోది, నా దగ్గర ఏడో తరగతి చదివిన ఒక కుర్రవాడు ఆ మధ్య ఒక సాయంత్రం ఇంటికొచ్చి అడిగిన ప్రశ్న.

ఆ అబ్బాయిది వడ్రంగుల ఇల్లు. తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత బెంగళూరు వెళ్లి నాలుగేళ్లు ప్లైవుడ్డు పని చేశాడు. ఇప్పుడు ఊరికి తిరిగొచ్చి ఇంటి దగ్గరే కొట్టం వేసుకుని తలుపులు, కిటికీలు, మంచాలు చేయాలనుకుంటున్నాడు. "సార్, రెండు మిషన్లు చూసొచ్చినాను. ఒకటి చిన్నది, ఇద్దరం ఎత్తుకొని పోవచ్చు. ఇంకొకటి పోత ఇనుముది, పాతది, పెద్దది. నా దగ్గరుండే దుడ్డు ఒకదానికే సరిపోతుంది. ఏది తీసుకోమంటారు?" అన్నాడు.

అది నాలుగేళ్ల కూలి డబ్బు. తప్పు జరిగితే మళ్లీ బెంగళూరు బస్సు ఎక్కవలసిందే. అందుకని వెంటనే జవాబు చెప్పలేదు. పది రోజులు ఆగమన్నాను. ఆ పది రోజుల్లో చదివినదీ, కనుక్కున్నదీ, నా సొంత అనుభవమూ కలిపి మీ ముందు పెడుతున్నాను. మన సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి ఆలోచనలో ఉన్న పిల్లలు ఇంకా కొందరు ఉంటారు. వారికి పనికి రావచ్చు.

ముందు మాటల సంగతి చూద్దాం. చెక్కను నున్నగా చేసే చేతి పనిముట్టును మనం తోపడ అంటాం. ఆ పనిని చిత్రిక పట్టడం అంటాం. మా బళ్లారి వైపు కన్నడం వారు దాన్ని కీసుళి అనీ, ఉజ్జుగొరడు అనీ అంటారు. హోసూరు వైపు తమిళంలో ఇళైప్పుళి. ఒడిశాలో రందా, మహారాష్ట్రలో రంధా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరులో కలిసింది. కాని వడ్రంగి కొట్టంలో మాత్రం ఆ గీత పడలేదు. మా ఊళ్లో ఒకే పనివాడు పొద్దున తోపడ అంటాడు, సాయంత్రం కీసుళి అంటాడు. పనిముట్టు అదే.

ఈ పనిముట్టు చాలా పాతది. క్రీస్తుశకం 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే నగరంలో రోమనుల నాటి తోపడలు దొరికాయి. ఒక దిమ్మె, దానిలో వాలుగా దిగిన ఇనుప బ్లేడు, దాన్ని బిగించే చీల. ఇప్పటి మన తోపడను ఆనాటి రోమన్ వడ్రంగి చేతికిస్తే ఎలా పట్టుకోవాలని అడగడు.

మరి రెండు వేల ఏళ్లు చక్కగా నడిచిన పనిముట్టు ఉండగా యంత్రం ఎందుకు వచ్చింది? చెక్కను నున్నగా చేయడం ఒక పని. దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే మందంలోకి తేవడం ఇంకో పని. కష్టమంతా రెండో దానిలో ఉంది. ఒక తలుపుకు నాలుగు పలకలు కావాలనుకోండి. నాలుగూ ఒకే మందంలో లేకపోతే గాడిలో ఒకటి వదులుగా ఆడుతుంది, ఇంకొకటి దూరనే దూరదు. చేత్తో ఆ సమానం తేవాలంటే గీత గీసుకోవాలి, అడ్డంగా పట్టాలి, నిలువుగా పట్టాలి, ప్రతి రెండు నిమిషాలకూ మట్టపలక ఆనించి చూడాలి. టేకు అయితే కొంత నయం. తుమ్మ, వేప అయితే భుజాలు పోతాయి. మా కుర్రవాడి తండ్రికి పోయింది అదే. యాభై ఏళ్లు దాటకముందే కుడి భుజం పైకి లేవకుండా అయింది. "ఇంక నా వల్ల కాదు అయివారూ, ఈ రెక్క మాట వినడంల్యా" అన్నాడు నాతో.

ఇక యంత్రం కథకు వద్దాం. ఇంగ్లండులో సామ్యూల్ బెంథామ్ అనే ఓడల ఇంజనీరు ఉండేవాడు. తత్వవేత్త జెరెమీ బెంథామ్‌కు తమ్ముడు. రష్యాలో చాలా ఏళ్లు పనిచేసి 1791లో ఇంగ్లండు తిరిగి వచ్చాడు. అదే సంవత్సరం చిత్రిక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది చేతి తోపడ లాంటిదే. మనిషి తోసే బదులు యంత్రం ముందుకూ వెనక్కూ తోస్తుంది. 1793లో ఇంకొక పెద్ద పేటెంటు తీసుకున్నాడు. అందులో గిరగిర తిరిగే బ్లేళ్ల ఆలోచన కూడా ఉంది. ఇప్పుడు మనం వాడే యంత్రాలకు మూలం అక్కడే ఉంది.

ఈ కథలో నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఆ తొలి యంత్రాల తయారీ పెద్ద కార్ఖానాలో మొదలవలేదు. లండన్‌లో అన్న జెరెమీ ఉండే ఇంటి ఆవరణలో మొదలైంది. అన్నకు ఖైదీల కోసం కొత్త పద్ధతి జైలు కట్టించాలని కోరిక. పని నేర్వని ఖైదీ చేత కూడా చేయించగలిగిన యంత్రాలు కావాలని తమ్ముణ్ణి అడిగాడు. జైలు రాలేదు కాని యంత్రాలు నిలిచాయి. నేర్పు లేనివాడి చేత నేర్పరి పని చేయించాలన్నది ఈ యంత్రం పుట్టుకలోనే ఉన్న ఉద్దేశం. వడ్రంగులు మొదటినుంచీ దీన్ని అనుమానంగా చూశారంటే అందులో ఆశ్చర్యం లేదు.

1796లో సామ్యూల్ బ్రిటిష్ నౌకాదళ నిర్మాణాలకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. పోర్ట్స్‌మత్ రేవులో ఆవిరి యంత్రం పెట్టించాడు. ఓడ తెరచాపల తాళ్లకు కప్పీలు కావాలి. ఒక పెద్ద యుద్ధనౌకకు సుమారు వెయ్యి కప్పీలు పడతాయి. వాటిని చేసే యంత్రాల వరుసను మార్క్ బ్రూనెల్ రూపొందించగా హెన్రీ మాడ్‌స్లే తయారు చేశాడు. 1808 నాటికి అక్కడ ఏడాదికి 1,30,000 కప్పీలు తయారయ్యాయి. ఇదే కాలంలో, 1802లో, జోసెఫ్ బ్రామా ఇంకో రకం చిత్రిక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పెద్ద చక్రానికి కింది వైపున బ్లేళ్లు బిగించి, దాన్ని చెక్క మీద తిప్పడం అతని పద్ధతి. వూలిచ్ ఆయుధాగారంలో దాన్ని వాడారు.

ఒక సంగతి గమనించండి. కొన్నవారు నౌకాదళం, ఆయుధాగారం. అంటే రాజ్యం. మామూలు వడ్రంగి అప్పటికి ఈ యంత్రాన్ని చూసి కూడా ఉండడు.

మామూలు పనిలోకి ఇది వచ్చింది అమెరికాలో. 1828 డిసెంబరు 27న న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీకి చెందిన విలియం వుడ్‌వర్త్‌కు పేటెంటు దొరికింది. అతని యంత్రంలో బ్లేళ్లు అడ్డంగా ఉన్న ఇరుసు మీద తిరుగుతాయి. తిరిగే బ్లేడు తగలగానే చెక్క పైకి ఎగరాలని చూస్తుంది. అది ఎగరకుండా రోలర్లు పైనుంచి అణచి పట్టి, ముందుకు తోస్తూ ఉంటాయి. ఈ రెండింటి కలయికే అసలు కిటుకు. ఇప్పుడు అంగడిలో దొరికే ఏ చిన్న యంత్రం మూత తీసి చూసినా లోపల ఉండేది ఇదే.

కాని ఆ పేటెంటు చుట్టూ పెద్ద రభస జరిగింది. 14 ఏళ్లకు, అంటే 1842లో, అది ముగియాలి. ముగియలేదు. ఏడేళ్లు పొడిగించారు. 1845లో అమెరికా కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసి ఇంకో ఏడేళ్లు పెంచింది. చివరికి 1856లో ముగిసింది. మొత్తం 28 ఏళ్లు. వుడ్‌వర్త్ 1839లోనే చనిపోయాడు. తర్వాత లాభం పొందినవారు ఎక్కువగా ఆ హక్కులు కొనుక్కున్నవారే. ఫలానా ప్రాంతంలో ఈ యంత్రం పెట్టాలంటే ఆ ప్రాంతం హక్కుదారుకు రుసుము కట్టాలి. కట్టనివారి మీద దావాలు. 1846లో విల్సన్, రూసో అనేవారి మధ్య వ్యాజ్యం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చిత్రిక పట్టిన పలక ధరలో ఆ రుసుము కలిసి ఉండేది. ఇల్లు కట్టుకునేవాడు తనకు తెలియకుండానే దాన్ని చెల్లించాడు. ఇంకో పొడిగింపు కోసం కూడా ప్రయత్నం జరిగింది కాని వ్యతిరేకత వల్ల సాగలేదు.

పేటెంటు పోయాక యంత్రాలు చేసే కంపెనీలు పెరిగాయి. అయితే అవి టన్నుల బరువు. ఆవిరి యంత్రం నుంచి పొడవాటి ఇరుసు, దాని నుంచి తోలు పట్టాలు. పైగా ఆ రోజుల్లో బ్లేళ్లు బిగించే దిమ్మె నలుచదరంగా ఉండేది. పై నుంచి చెక్క తోసే సర్ఫేస్ ప్లానర్లలో దిమ్మె మూలకూ బల్లకూ మధ్య పెద్ద సందు. వేలు జారితే ఆ సందులోకి పోయేది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో గుండ్రటి దిమ్మెలు వచ్చాయి. సందు తగ్గింది. ఎన్నో చేతులు మిగిలాయి. పాత యంత్రం కొనేవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. దిమ్మె నలుచదరంగా కనబడితే ఎంత చవకగా ఇచ్చినా దండం పెట్టి వచ్చేయండి.

మన దక్షిణాదిలో రైలు పెట్టెలు చెక్కతో చేసే రోజుల్లో ఇలాంటి పెద్ద యంత్రాలు రైల్వే వర్క్‌షాపుల్లో నడిచాయి. మద్రాసు దగ్గరి పెరంబూరు వర్క్‌షాపు 1856 నాటిది. ఆ తర్వాత పట్టణాల్లో కోత మిల్లుల పక్కన చిత్రిక మిల్లులు వచ్చాయి. పోత ఇనుముకు, యంత్రాలకు పేరున్న పంజాబ్‌లోని బటాలా లాంటి ఊళ్ల నుంచి వచ్చిన యంత్రాలతో చిన్న కొట్టాలు కూడా నడిచాయి. మనవాళ్లు వీటిని రంధా మిషన్ అంటారు. పైన సర్ఫేస్ ప్లానర్, కింద మందం సరిచేసే బల్ల, రెండూ ఒకే యంత్రంలో ఉండే రకం మన వైపు ఎక్కువ.

మరి ఇంట్లో పెట్టుకునే యంత్రం ఎప్పుడు వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇంటి వడ్రంగం పెద్ద సరదాగా మారింది. 1947లో షాప్‌స్మిత్ అనే బహుళ పనుల యంత్రం వచ్చింది. కోత, తరిణె, రంధ్రాలు వేయడం అన్నీ దానిలోనే. కాని మందం సరిచేసే యంత్రం మాత్రం ఇంకా బరువుగానే, ఖరీదుగానే ఉండిపోయింది. 1980 దశకంలో తైవాన్‌లో పోతపోసిన 15 అంగుళాల యంత్రాలు తక్కువ ధరకు వచ్చాయి. అదే దశకం మధ్యలో జపాన్‌కు చెందిన ర్యోబి సంస్థ ఏపీ-10 అనే 10 అంగుళాల యంత్రాన్ని తెచ్చింది. పెద్ద ఇండక్షన్ మోటారు తీసేసి, మిక్సీలో ఉండే లాంటి చిన్న, వేగం ఎక్కువైన మోటారు పెట్టారు. చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టుకోవచ్చు. తర్వాత మకిటా, డెల్టా, డివాల్ట్ అన్నీ అదే దారి పట్టాయి. బెంథామ్ పేటెంటు నుంచి లెక్కేస్తే సుమారు రెండు వందల ఏళ్లకు యంత్రం మళ్లీ ఇంటికి చేరింది.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా తాతగారి ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు అటక మీది టేకు పలకలు నా వంతుకు వచ్చాయి. పుస్తకాల బీరువా చేద్దామని పట్టణంలో ఒక చిత్రిక మిల్లుకు వేసుకెళ్లాను. సాయంత్రం వెళ్లేసరికి నున్నగా చేసి పెట్టారు. కావలసిన దానికంటే పలచగా అయ్యాయి. రెండు కొసల్లో పల్లాలు పడ్డాయి. అదీ కాక, ఒక పలక మీద మా తాత తన పిల్లలు పుట్టిన తేదీలు బొగ్గుతో రాసుకున్నాడు. మా నాన్న పేరు కూడా అందులో ఉండేది. ఆ రాత పొట్టులో కలిసిపోయింది. మిల్లువారిని అనడానికి ఏమీ లేదు. ఏ పలక, ఏ వైపు, ఎంత మందం అని నేను రాసి ఇవ్వలేదు. ఆ రోజు నుంచి నా చెక్క నా కళ్ల ముందే యంత్రంలోకి వెళ్లాలన్న పట్టుదల వచ్చింది. అందుకే ఒక చిన్న యంత్రం కొనుక్కున్నాను. కాబట్టి కింద చెప్పేవి చదివినవి మాత్రమే కావు.

సరే, మా కుర్రవాడికి నేను చెప్పిన మాటలు వరుసగా వినండి. ధరలు చెప్పను. ఈ నెల ధర వచ్చే నెల ఉండదు. ఎలా చూడాలో చెబుతాను.

మొదటిది, నీకు యంత్రం అసలు కావాలా? ఒక నెల రోజులు నోటు పుస్తకంలో రాయి. ఎన్ని పలకలు, ఎంత వెడల్పు, ఎంత పొడవు, మిల్లులో ఎంత కూలి ఇచ్చావు, బండి కిరాయి ఎంత, పోయిన పూట ఎంత. ఆ మొత్తాన్ని పన్నెండుతో హెచ్చవేసి యంత్రం ధర పక్కన పెట్టు. రెండు మూడేళ్లలో తీరేలా ఉంటే కొను. లేకపోతే మిల్లే మేలు. నాలాగా పండక్కో పీట చేసేవాడికి లెక్క వేరు. అది సరదా ఖర్చు, సరదా ఖర్చుగానే చూసుకోవాలి.

రెండవది, ఈ యంత్రం ఏం చేయదో తెలుసుకో. ఇది వంకర తీయదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. మెలికపడ్డ పలకను లోపలికి పంపితే రోలర్లు దాన్ని అణచి చదును చేస్తాయి. బ్లేళ్లు పైపొర తీస్తాయి. బయటికి రాగానే పలక తన మెలిక తాను మళ్లీ తెచ్చుకుంటుంది. ముందు ఒక ముఖం చదునుగా ఉండాలి. అప్పుడే యంత్రం రెండో ముఖాన్ని దానికి సమాంతరంగా చేస్తుంది. ఆ మొదటి ముఖం కోసం సర్ఫేస్ ప్లానర్ కావాలి, లేదా చేతి తోపడ కావాలి. ఇంకో ఉపాయం ఉంది. చదునైన మందపాటి ప్లైవుడ్డు మీద పలకను పెట్టి, సందుల్లో చిన్న చీలలు దూర్చి, కదలకుండా చేసి రెండూ కలిపి యంత్రంలోకి పంపవచ్చు. ఖర్చు దాదాపు లేదు.

మూడవది, వెడల్పు. బల్ల మీద పెట్టుకునే యంత్రాలు 10 నుంచి 13 అంగుళాల దాకా ఉంటాయి. మన వైపు తలుపు చట్రాలు, మంచం పట్టెలు చేసేవాడికి 12 అంగుళాలు చాలు. అంతకంటే వెడల్పు పలక అతికించాలంటే రెండు ముక్కలు వేరువేరుగా చిత్రిక పట్టి తర్వాత అతికించుకోవచ్చు.

నాలుగవది, నునుపు. అమ్మేవాడు చక్కరాల సంఖ్య చెప్పి భయపెడతాడు. నిమిషానికి ఎనిమిది వేలు, పది వేలు అంటాడు. దీనికి చిన్న లెక్క ఉంది, ఏడో తరగతి పిల్లవాడు చేయగలడు. మకిటా 2012 రకం చూడండి. నిమిషానికి 8,500 చుట్లు, 2 బ్లేళ్లు. అంటే 17,000 కోతలు. చెక్క నిమిషానికి 8.5 మీటర్లు, అంటే 8,500 మిల్లీమీటర్లు నడుస్తుంది. 17,000ను 8,500తో భాగిస్తే మిల్లీమీటరుకు 2 కోతలు. ఇప్పుడు పాత పోత యంత్రం ఒకటి 4,000 చుట్లు, 3 బ్లేళ్లు, నిమిషానికి 6 మీటర్లు నడుస్తుందనుకోండి. 12,000ను 6,000తో భాగిస్తే మళ్లీ 2 కోతలే. చుట్లు సగం కంటే తక్కువ, నునుపు ఒకటే. అందుకని చుట్లు ఒక్కటే అడగకండి. బ్లేళ్లు ఎన్ని, చెక్క నడక ఎంత అని కూడా అడగండి. కొన్నిటిలో రెండు నడకలు ఉంటాయి. డివాల్ట్ 735లో ఒక నడకకు అంగుళానికి 96 కోతలు, నెమ్మది నడకకు 179. చివరి పట్టుకు నెమ్మది నడక వాడతారు.

అయిదవది, మోటారు. చిన్న యంత్రాల్లో కార్బన్ బ్రష్షుల మోటారు ఉంటుంది. తేలిక, వేగం ఎక్కువ, చప్పుడు ఎక్కువ. గంటల తరబడి ఆగకుండా నడిపితే వేడెక్కుతుంది. పోత యంత్రంలో ఇండక్షన్ మోటారు బరువు, కాని రోజంతా నడుస్తుంది, చప్పుడు తక్కువ. ఇక కరెంటు. మన దగ్గర 230 వోల్టులు. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన యంత్రం 120 వోల్టులది, నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. 1650 వాట్ల యంత్రం 230 వోల్టుల మీద సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, లైటు తగిలించే 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, తగిన మందం తీగ, ఎర్తు తప్పవు. పొలం మోటార్లు నడిచే వేళ మన పల్లెల్లో వోల్టేజీ దిగిపోతుంది. ఆ వేళ యంత్రం నడిపితే మోటారు వేడెక్కి దెబ్బతింటుంది. కొనే ముందే మీ కొట్టంలో ఉదయం, సాయంత్రం వోల్టేజీ కొలిపించుకోండి.

ఆరవది, బ్లేళ్లు. కొన్ని రెండు వైపులా పదును ఉండి, అరిగాక పారేసేవి. మార్చడం తేలిక, కాని ప్రతిసారీ కొనాలి. కొన్ని సానబట్టి మళ్లీ వాడేవి. అమర్చడం కష్టం, కాని ఏళ్లు వస్తాయి. ఈమధ్య చిన్నచిన్న నలుచదరపు కార్బైడు ముక్కలను దిమ్మె చుట్టూ మెలికగా బిగించిన రకం వచ్చింది. ఒక అంచు పోతే ముక్కను తిప్పుకుంటే చాలు, చప్పుడూ తక్కువే. ధర మాత్రం ఎక్కువ. ఏ రకమైనా మీ పట్టణంలో దొరుకుతాయా లేదా అని యంత్రం కొనే ముందే దుకాణాలు తిరిగి చూడండి. బ్లేడు కోసం పదిహేను రోజులు పార్సిల్ దారి చూస్తూ కూర్చుంటే ఆ యంత్రం చవకది కాదు.

ఏడవది, పాత యంత్రం కొంటే పరీక్ష. నడుస్తుండగా చూడండి, మాటలు నమ్మకండి. ఆపాక దిమ్మెను చేత్తో తాకకుండా ఇరుసును కదిపి చూడండి, బేరింగులో ఆట ఉందేమో. రెండు సన్నటి ముక్కలు తీసుకెళ్లి బల్ల ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి పంపించి వెర్నియర్‌తో మందం కొలవండి. తేడా ఉంటే బల్ల ఒరిగిందన్న మాట. సరిచేయగలిగినదా కాదా అని ఆ పని తెలిసినవాణ్ణి అడగండి.

కొసల్లో పడే పల్లం గురించి ఒక మాట. పలక మొదలూ చివరా ఒక్క రోలరు పట్టులోనే ఉంటుంది. అప్పుడు కొస కొంచెం లేచి బ్లేడుకు ఎక్కువ తగులుతుంది. ముందూ వెనకా ఆధారం బల్లలు మట్టంగా ఉంటే చాలా తగ్గుతుంది. మిగిలిన దానికి పలకను నాలుగైదు అంగుళాలు ఎక్కువ పొడవు ఉంచుకుని తర్వాత కోసేయడమే ఉపాయం. ఒక్కసారికి ఎక్కువ లోతు తీయకండి. వెడల్పు పలకకు ఒక మిల్లీమీటరు, గట్టి చెక్కకు అర మిల్లీమీటరు చాలు.

ఇక జాగ్రత్తలు. పాత ఇంటి చెక్క అయితే అయస్కాంతం ఆడించి మేకులు వెతకండి. ఒక్క మేకు బ్లేళ్లన్నిటినీ పళ్లు పళ్లుగా చేస్తుంది. రోలర్ల మధ్య దూరం కంటే పొట్టి ముక్కను పంపకండి. పలక వెనక్కి ఎగిరి వస్తే తగిలే చోట నిలబడకండి, పక్కన నిలబడండి. వంగి లోపలికి చూడకండి. చేతి తొడుగులు, వేలాడే చొక్కా చేతులు వద్దు. పొట్టు ఇరుక్కుంటే ప్లగ్గు పీకి తీయండి, స్విచ్చి మాత్రమే ఆపి కాదు. చప్పుడు చెవికి నష్టం చేసే 85 డెసిబెల్సును సులువుగా దాటుతుంది, చెవులకు మూతలు పెట్టుకోండి. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ముక్కుకు తువ్వాలు చాలదు, సరైన మాస్కు కావాలి. ఈ మూడింటికీ అయ్యే డబ్బును యంత్రం ధరలోనే కలిపి లెక్క వేసుకోండి. యంత్రం కొన్నాక చూద్దాం అనుకుంటే ఆ రోజు రాదు.

మా కుర్రవాడు నెల రోజులు లెక్క రాశాడు. అతని పనిలో ఎక్కువ భాగం తొమ్మిది అంగుళాలు దాటని పలకలు. కొట్టానికి ఉన్నది ఒకటే ఫేజు కరెంటు. పాత పోత యంత్రం దగ్గరికి నేనూ వెళ్లాను. ఎడమ ముక్కకూ కుడి ముక్కకూ ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వచ్చింది. దాని మోటారుకు మూడు ఫేజులు కావాలి. అబ్బాయి చిన్న యంత్రమే కొన్నాడు. మిగిలిన కొద్ది డబ్బుతో తీగలు మార్పించుకుని, మాస్కు, చెవి మూతలు, ఒక జత అదనపు బ్లేళ్లు తీసుకున్నాడు. సర్ఫేస్ ప్లానర్ కొనడానికి డబ్బు లేదు. మొదటి ముఖం ఎవరు చదును చేయాలి?

ఆ పని తండ్రి దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. బెంగళూరులో ప్లైవుడ్డు కోసిన చేతికి తోపడ పట్టు అలవాటు లేదు. పెద్దాయన గడప మీద కూర్చుని చెబుతుంటాడు. ఎత్తు ఎక్కడుందో ముందు చూడు, అక్కడే పట్టు, పల్లాన్ని ముట్టుకోవద్దు. చెక్క నార ఎటు నడుస్తుందో చూసి ఆ వాలుకే పో. కుర్రవాడు ఒక ముఖం చదును చేసి యంత్రంలో పెడతాడు. రెండో ముఖం నిమిషంలో వస్తుంది.

నేను వెళ్లిన రోజున మొదటి తలుపు పలకలు నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి. పెద్దాయన లేచి వచ్చి ఎడమ చేత్తో ఒక్కొక్కదాన్నీ కొస నుంచి కొసకు తడిమి చూశాడు. యంత్రం పట్టిన వైపు ఏమీ అనలేదు. పలక తిప్పి, కొడుకు చేత్తో పట్టిన వైపు తడిమి, ఒక చోట వేలు ఆపాడు. "ఇక్కడ ఇంకొంచెం ఉండాదప్పా" అన్నాడు. కుర్రవాడు మాట్లాడకుండా తోపడ అందుకున్నాడు.

మీలో ఎవరైనా ఇలాంటి కొనుగోలు ఆలోచనలో ఉంటే ముందు నోటు పుస్తకం తీయండి. ఇంట్లో పాత పనివారు ఉంటే యంత్రం తెచ్చే రోజు వారిని కూడా వెంట తీసుకెళ్లండి. వారికి యంత్రం సంగతి తెలియకపోవచ్చు, చెక్క సంగతి తెలుసు.